అడగని రాయి

మూగలోయ వాకిట, గడపకు పది అంగలు లోపల అడ్డంగా కూర్చున్న తెల్లబండను గుండయ నాలుగు ఇనుప మేకులతో, పదకొండు సమ్మెట దెబ్బలతో నిలువునా రెండు చేశాడు. స్ఫటికపురి రాజ్యం మొత్తంలో ఆ పని అంత తొందరగా చేయగలవాడు ఇంకొకడు లేడు. ఆ సంగతి గుండయకు బాగా తెలుసు. తెలియకపోయి ఉంటే ఈ కథ ఇంత చేదుగా నడిచేది కాదు.

బండ రెండు చెక్కలై దారికి చెరో పక్కకూ ఒరిగింది. లోపలి ముఖం మీద ఎండ పడగానే, ఎంత తొందరలో ఉన్నా గుండయ ఆగిపోయాడు. పటికబెల్లం పగలగొట్టినట్టు తళతళలాడే చలువరాయి. మచ్చ లేదు, మరక లేదు. అరచేత్తో ఒకసారి నిమిరాడు. 'ఇంత మంచి రాయి జన్మలో చూడలేదే! సింహాసనం కింద వేస్తే ఎంత బాగుంటుంది!' అనుకున్నాడు. రాళ్ళపనివాడి బుద్ధి అంతే, ఎక్కడికి పోయినా పని వెంటే వస్తుంది. కింద రాలిన పెచ్చుల్ని కాలితో పక్కనున్న గండిలోకి తోసి, చెవుల్లోంచి దూది తీసి నడుములో దోపుకుని ఇంకా లోపలికి నడిచాడు.

గుండయ వంశంలో ఒక ఆచారం ఉంది. ఏ రాయి మీదైనా ఉలి పెట్టేముందు సుత్తి వెనకవైపుతో మూడుసార్లు తట్టి, చెవి ఆనించి వినాలి. దాన్ని రాయిని అడగడం అంటారు. రాయి పలికే తీరును బట్టి దాని నరం ఎక్కడుందో, అంటే అది తనంతట తాను విడిపోయే చోటు ఎక్కడుందో తెలుస్తుంది. అడిగిన తర్వాతే చెవుల్లో దూది పెట్టుకుని సమ్మెట ఎత్తాలి. ఆ ఉదయం గుండయ ముందే దూది పెట్టుకున్నాడు. ఇది విగ్రహానికీ స్తంభానికీ కాదు కదా, దారికి అడ్డం తీయడానికే కదా అనుకున్నాడు. పైగా అతనికి ఉన్నది ఒక్క పగలు.

ఆ ఒక్క పగటిలో అతను తన అన్న ఏచనను వెతికి పట్టుకోవాలి. మూగలోయలో నలభైవేల రాళ్ళున్నాయి. వాటిలో ఒకటి ఏచన.

తండ్రి బండ కింద పడి పోయిన రోజు నుంచి గుండయను పెంచింది, పని నేర్పింది ఏచనే. స్ఫటికపురి రాజు వజ్రాంగదుడికి నూరు స్తంభాల కొలువుకూటం కావాలనిపించింది. రాజులకు కావాలనిపించడానికి ఎంతసేపు? అన్నదమ్ములిద్దరూ ఆరేళ్ళు ఆ స్తంభాలు చెక్కారు. రాళ్ళను మాంత్రికుడు ధూమ్రజటుడు దున్నపోతుల బండ్ల మీద పంపించేవాడు. ఏ గనిలోంచి వస్తున్నాయని ఎవరూ అడగలేదు. తొంభైతొమ్మిది స్తంభాలు నిలబెట్టారు. నూరో రాయిని ఏచన ఎప్పట్లాగే మూడుసార్లు తట్టి, చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత లేచి నిండు సభలో రాజు కాళ్ళ ముందు సుత్తి విసిరేసి, 'ఈ పని నేను చెయ్యను' అన్నాడు. ఎందుకో చెప్పలేదు. చెప్పనివ్వలేదు కూడా. రాజు కళ్ళెర్రజేశాడు, ధూమ్రజటుడు గుప్పెడు బూడిద ఊదాడు. ఏచన నిలుచున్నచోట కంబళి కప్పిన ఒక బండ మిగిలింది. అది ఏ రంగులో ఉందో కూడా చూడనివ్వకుండా దున్నపోతుల బండిలో వేసి మూగలోయకు తోలేశారు.

'నూరో స్తంభం పూర్తిచెయ్యి, నీ అన్నను విడిపిస్తాను' అన్నాడు రాజు గుండయతో. గుండయ పూర్తిచేశాడు. రాజు మెచ్చి అతని చేతికి బంగారు కంకణం తొడిగాడు. అన్న సంగతి ఎత్తితే, 'ఏ అన్న?' అని అడిగాడు.

ఆ మాటతో గుండయకు కళ్ళు తెరుచుకున్నాయి, అదీ ఆలస్యంగా. బైరాగి వేషం కట్టి ధూమ్రజటుడి ఆశ్రమంలో చేరి, నెలరోజులు వాడి జడలకు చమురు రాసి, చివరికి సంజీవజలం దొంగిలించాడు. దొరికింది మైనంతో మూత వేసిన ఒక్క కొబ్బరిచిప్పెడు. ఒక్క రాయి మీదికి సరిపోతుంది. ఎవరి మీద పోస్తే ఆ రాయి మనిషవుతుంది, మళ్ళీ ఏ శాపమూ ఆ మనిషిని అంటదు. తప్పు రాయి మీద పోస్తే అంతే సంగతులు. పొద్దు గుంకే వేళకు లోయలో ప్రాణంతో ఉన్నవాడు కూడా రాయైపోతాడు. ఇదీ సంగతి.

లోయలోకి దిగగానే గుండయ చుట్టూ చూశాడు. ఆకాశం అంచుల దాకా రాళ్ళే. కాటుక రంగువి, గోరింట పండిన రంగువి, తేనె రంగువి, పావురాయి మెడలా నీలిపచ్చలు తిరిగేవి. కొన్ని చీరమడతల్లా పొరలు పొరలుగా ఉన్నాయి. కొన్నింట్లో అభ్రకం రేకులు మెరుస్తున్నాయి. ఒకదాని కడుపులో నత్తగుల్ల ఒకటి చెక్కు చెదరకుండా నిద్రపోతోంది. గాలి వాటి సందుల్లోంచి వీస్తుంటే లోయంతా సన్నగా మూలుగుతోంది. శాపమనీ చావనీ తెలిసి కూడా అతని చేతులు వాటిని తాకాలని తహతహలాడాయి. అంత అందంగా ఉంది ఆ శ్మశానం.

"చేతులు దగ్గర పెట్టుకో నాయనా! ఆడోళ్ళు కూడా ఉండారు."

గుండయ ఉలిక్కిపడి తిరిగి చూశాడు. ఒక ముసలమ్మ. నడుము పైన మనిషి, నడుము కింద రాయి. చుట్టూ చిన్నచిన్న గులకరాళ్ళు రంగులవారీగా కుప్పలు పోసుకుని కూర్చుంది.

"నా పేరు సానమ్మ. మాంత్రికుడు బూడిద ఊదేటప్పుడు వాని ముక్కు మీద ఈగ వాలింది. నాకు నవ్వొచ్చింది. నవ్వేవాళ్ళకు ఈ శాపం సగమే పడతాదంట. నూరేండ్లయింది, ఆ నవ్వు ఇంకా దిగమింగుతానే ఉండా. నువ్వు ఎవరి కోసం?"

"మా అన్న కోసం, అవ్వా. ఏచన. రాళ్ళపని చేస్తాడు. ఇన్ని రాళ్ళలో ఎట్లా పట్టుకోవాల్నో తెలీడంలేదు."

"రాళ్ళపని చేసేవోడివి, నీకు రాయి పుట్టుక తెలీదా?" ముసలమ్మ కళ్ళు మెరిశాయి. నూరేళ్ళుగా చెప్పేవాళ్ళు లేక ఆగిపోయిన మాటలన్నీ ఒక్కసారిగా వచ్చాయి. "భూమి కడుపులో మంటకు కరిగి, పైకి తన్నుకొచ్చి చల్లారింది నల్లరాయి. గబుక్కున చల్లారితే నున్నగుంటాది, లోపల్నే నిదానంగా చల్లారితే గింజ కడతాది. నీళ్ళు మోసుకొచ్చిన ఇసక, బురద, గుల్ల, ఏటికేడు పొర మీద పొర పడి గట్టిపడింది ఇసకరాయి, నాపరాయి. ఇంక మూడోది. మామూలు సున్నపురాయే. దాని మీద కొండంత బరువు పడి, కింద నుంచి సెగ తగిలి, అది నలిగి నలిగి తన రూపే మరిచిపోయి తెల్లగా మారతాదే, అది చలువరాయి. ఎంత నలిగితే అంత తెలుపు."

"అది తెలుసులే అవ్వా. మనుషుల సంగతి చెప్పు."

"మనుషులూ అంతే నాయనా. బూడిద పడే గడియలో లోపల ఏముంటే ఆ పుట్టుకే. కోపంతో ఉన్నోడు నల్లరాయి. ఏండ్ల తరబడి దుఃఖం పేర్చుకున్నోడు నాపరాయి. భయస్తుడు బలపం రాయి, గోటితో గీకినా రాలతాడు. ఇంకొకరి బరువు గుండె మీద పెట్టుకున్నోడు చలువరాయి. అట్లాంటోళ్ళు లోకంలో యాడుంటారు? నూరేండ్లకు ఒక్కడొచ్చినాడు. ఇదో, నాకు ఎదురుగానే ఉండె. ఎంత చక్కని రాయనుకున్నావు! పొద్దుగూకులూ దాన్నే చూసుకుంటా ఉంటి. నిన్న మాంత్రికుని దున్నపోతులొచ్చి ఈడ్చుకుపాయె."

గుండయ ఆ చివరి మాటలు వినలేదు. మొదటి మాట దగ్గరే అతని మనసు ఆగిపోయింది. నిండు సభలో సుత్తి విసిరేసినవాడు కోపంతో కాక ఎలా ఉంటాడు?

"మా అన్నది నిప్పులాంటి కోపం, అవ్వా. నల్లరాళ్ళు ఎక్కడుండాయి?"

"కోపం నీకు కనపడింది. దాని కిందేముందో చూసినావా?" అంది సానమ్మ. అతను అప్పటికే పది అంగలు వేశాడని చూసి కేకపెట్టింది. "ఆ పొగ లేచే గట్టు కాడ! ఉడుముంది, పైలం!"

నల్లరాళ్ళ గట్టుకు పోయే దారిలో నాపరాళ్ళ వాలు ఉంది. గుండయ కాలు పెట్టగానే పలకలన్నీ ఒకదాని మీద ఒకటి జర్రున జారాయి. కింద చీలికలో ఎర్రగా కాగుతున్న రాతిరసం బుడగలు పోస్తోంది. అతను వెల్లకిలా పడి, జారిపోతూ, కొబ్బరిచిప్పను ఒక చేత్తో ఎత్తిపట్టి, రెండో చేత్తో గునపాన్ని పలకల సందులో పొడిచాడు. గునపం విల్లులా వంగి ఆగింది. చీలిక అంచుకు మూరెడు దూరంలో అతని మడమలు కాలుతున్నాయి. పళ్ళు బిగబట్టి పైకి పాకి గట్టెక్కేసరికి, ఆ చీలికలోంచే ఉడుము తల ఎత్తింది.

నాలుగు బండ్ల పొడవుంది ఆ శిలా ఉడుము. రాతిరసంలో పొర్లి పొర్లి దాని ఒళ్ళంతా బండబారింది. ఇప్పుడే బయటికి వచ్చింది కాబట్టి వీపంతా కొలిమిలో ఇనుములా ఎర్రగా ఉంది. నాలుక చాచితే అతని తలపాగాకు నిప్పంటుకుంది. గుండయ తలపాగా విసిరేసి, సమ్మెటతో దాని ముట్టె మీద ఒక్కటి వేశాడు. సమ్మెట కామకర్ర విరిగి చేతిలో బెత్తెడు మిగిలింది. ఉడుము తోక విదిలిస్తే ఇంతెత్తు బండ ఒకటి పిండైపోయింది.

పెద్ద బండలు మాట వినకపోతే రాళ్ళపనివాళ్ళు వాటి మీద కట్టెలు పేర్చి కాలుస్తారు. ఎర్రగా కాలాక చన్నీళ్ళు కుమ్మరిస్తారు. ఎంతటి బండైనా ఫెటిల్లుమంటుంది. ఇక్కడ కాల్చే పని ఉడుమే చేసుకుని వచ్చింది. కావలసింది చన్నీళ్ళు. గుండయ దగ్గర నీళ్ళున్నాయి, కొబ్బరిచిప్పెడు. ఒక్క క్షణం చెయ్యి అటు పోయింది. వెంటనే వెనక్కి తీసుకుని, భుజానికి వేలాడుతున్న అంబలి బుర్ర లాగి, మూత పీకి, ఉడుము వీపు మీద కుమ్మరించాడు. పుల్లటి పొగ గుప్పున లేచింది. వీపు మీది బండ తల నుంచి తోక దాకా టపటపా పగిలి పెచ్చులుగా రాలింది. లోపలి నుంచి పచ్చిమాంసం రంగులో ఒక బక్క ఉడుము బయటపడి, సిగ్గుపడ్డట్టు చీలికలోకి దూరి మాయమైంది. రోజంతా తాగాలని తెచ్చుకున్న అంబలి పోయింది. నడుము దగ్గర నీళ్ళు పెట్టుకుని, ఎండిన నాలుకతో గుండయ నల్లరాళ్ళ మధ్యకు నడిచాడు.

మొదటి రాయిని సుత్తితో మూడుసార్లు తట్టి చెవి ఆనించాడు. గంట మోగినట్టు మోగింది. ఆ మోత ఆగేలోపల అందులోంచి ఒక గొంతు వచ్చింది.

"ఎవరది?"

గుండయ చటుక్కున చెవి తీశాడు. ఇరవై ఏళ్ళుగా రాళ్ళను అడుగుతున్నాడు, ఏ రాయీ మాటలతో జవాబు చెప్పలేదు. ఒక్కొక్కప్పుడు కొలువుకూటం రాళ్ళలో ఏదో గొణుగుడులా వినిపించేది. గాలి బుడగ అనుకుని దూది పెట్టుకునేవాడు.

"ఏచన... ఏచన నువ్వేనా?"

"పేరు గుర్తులేదు. కోపమొకటే గుర్తుండాది."

రెండో రాయి ఏడ్చింది. మూడోది బూతులు తిట్టింది. పొద్దు నడినెత్తి దాటి పడమటికి వాలేదాకా గుండయ రాయి రాయినీ తట్టుకుంటూ పోయాడు. చివరికి ఒక పొడుగాటి రాయి, ఇంకా తట్టకముందే పలికింది.

"ఆ సుత్తి చప్పుడు నాకు తెలుసు. ఏచన చెప్పినాడు, ఇట్లా తట్టేది వాళ్ళింట్లో ఇద్దరేనని. నువ్వు చిన్నోనివి కదా?"

"అవును! అన్న ఎక్కడ?"

"చెప్తా గానీ, ముందు నాదొకటి చెప్పు. నా పక్కన నా తమ్ముడుండె. నల్లగా, నడుము కాడ ఎర్రటి చారతో. ఆరేండ్ల కింద బండ్ల మీద ఎత్తుకుపాయిరి. మీ ఊరికే అంట. వాణ్ణి ఏం చేసినారు?"

ఎర్రచార రాయి గుండయకు గుర్తుంది. మరిచిపోయే రాయి కాదది. పదిహేడో స్తంభం. ఆ చారను పింఛంగా తిప్పి నెమలిని చెక్కాడు. పట్టపురాణి దాని ముందు నిలబడి చప్పట్లు కొట్టింది. నెమలి మెడ తిప్పడానికి ఎంత చెక్కాడో, ఎంత రాల్చాడో, ఏ ముక్క ఎక్కడ ఊడ్చిపారేశారో అన్నీ కళ్ళ ముందు కదిలాయి.

"తెలీదు," అన్నాడు.

"నీ అన్న తెలీదనలేదు. నూరో రాయిని అడిగినప్పుడు అది 'నీళ్ళు' అనిందంట. అప్పుడు తెలిసిందంట ఆయనకు, తొంభైతొమ్మిది మందిని ఏం చేసినాడో. రాజుకు కనపడింది కోపం. లోపల మాత్రం తొంభైతొమ్మిది మంది బరువు. రాయి మాట రాయికి వినపడతాది, ఈడికొచ్చినంక మాతో ఒక్కొక్కరితో చెప్పుకుని ఏడ్చినాడు. ఆయన నల్లరాయి కాదబ్బా. మాలో ఎందుకుంటాడు?"

నూరో స్తంభం గుండయ తన చేతుల్తో పూర్తిచేశాడు. అది నీళ్ళడిగిందట. తను అడిగాడా? అడిగాడు, అలవాటుగా మూడుసార్లు తట్టాడు. గొణుగుడు వినిపించింది. దూది పెట్టుకున్నాడు. చేతికున్న బంగారు కంకణాన్ని చూడలేక చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

అప్పుడు, అంతకన్నా పెద్ద మాట ఒకటి నిదానంగా అతని బుర్రకెక్కింది. ఇంకొకరి బరువు గుండె మీద పెట్టుకున్నోడు చలువరాయి. నూరేండ్లకు ఒక్కడు. నిన్న దున్నపోతులొచ్చి ఈడ్చుకుపోయాయి.

గుండయ పరుగెత్తాడు. నాపరాళ్ళ వాలు మీద పడుతూ లేస్తూ, మోకాళ్ళు చీరుకుపోతున్నా, కొబ్బరిచిప్పను గుండెకు అదుముకుని పరుగెత్తాడు. సానమ్మ ఏదో అడిగింది, వినిపించుకోలేదు. వాకిలి చేరేసరికి పొద్దు రెండు బారల ఎత్తులో ఉంది. తెల్లబండ రెండు చెక్కలూ తను వదిలేసి పోయిన చోటే చెరో పక్క పడివున్నాయి.

మూడుసార్లు తట్టాడు. చెవి ఆనించాడు. ఏమీ వినిపించలేదు. రెండో చెక్కను తట్టాడు. అదీ పలకలేదు.

"పగిలిన కుండ మోగుతుందా?" అని పైనుంచి నవ్వు వినిపించింది. వాకిలి కమాను మీద ధూమ్రజటుడు కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని తాంబూలం నములుతున్నాడు. "నా జడలకు చమురు రాసినవాడు బైరాగి కాదని మొదటిరోజే తెలుసు. రాళ్ళు కొట్టేవాడి అరచేతులు నాకు తెలియవా? నీళ్ళు కూడా నేనే అందేచోట పెట్టాను. వాకిట్లో ఒక రాయి మాత్రం అడ్డంగా పెట్టించాను. ఎవడైనా చుట్టూ తిరిగి పోతాడు. ఎక్కి దూకుతాడు. నువ్వు మాత్రం కొడతావు. నేను చెయ్యి కూడా ఎత్తలేదు చూడు. రాజు ఊరికే తొడగలేదోయ్ కంకణం!"

గుండయ వాడి వైపు తల కూడా ఎత్తలేదు. కంకణం లాగి పారేసి, గునపం తీసుకున్నాడు. ఒక్కడు కదపగల బరువు కాదది. వంగిన గునపంతో, భుజంతో, తలతో తోశాడు. అరచేతుల తోలు ఊడింది. అంగుళం అంగుళం జరిపి రెండు చెక్కలనూ ముఖాముఖి చేర్చాడు. సరిగ్గా అతకలేదు. మేకులు దిగినచోట పెచ్చులు లేవు. పొద్దున కాలితో గండిలోకి తోసిన పెచ్చులు. పొట్ట మీద పాకి, గండి అంచు నుంచి చెయ్యి చాచి దొరికినన్ని ఏరి సందుల్లో పేర్చాడు. మూడు నాలుగు దొరకలేదు. ఎంత వెతికినా దొరకలేదు.

ఏ చెక్క మీద పోయాలి? తల ఉన్నది ఏది, గుండె ఉన్నది ఏది? గుండయ అతుకు వెంబడి, పై నుంచి కింది దాకా, చుక్క కూడా పక్కకు పోకుండా సంజీవజలం పోశాడు. ఎండిపోయిన అతని నాలుక ఆ తడి చూసి కదిలింది. చివరి చుక్క కూడా రాతికే పోశాడు.

రాయి వెచ్చబడింది. తెలుపు మీద చామనఛాయ పాకింది. ఏచన కళ్ళు తెరిచాడు. ఎడమ భుజం నుంచి కుడి తుంటి దాకా జానెడు వెడల్పున తెల్లటి రాతిపట్టీ అలాగే మిగిలిపోయింది. ఎడమచేతికి మూడు వేళ్ళు లేవు. ఆ వేళ్ళు గండిలో ఉన్నాయి.

"అన్నా!" అని గుండయ అతని మీద పడి గొల్లుమన్నాడు.

ఏచన కుడిచెయ్యి లేపి తమ్ముడి తల నిమరలేదు. పగిలిన గొంతుతో ఒక్కటే అడిగాడు.

"రాయిని అడిగినావా?"

"లేదన్నా."

"నేను అరుస్తానే ఉంటి. నీ అడుగుల చప్పుడు వినపడగానే పిలిచినా. మొదటి దెబ్బకు పిలిచినా. నాలుగో దెబ్బ దాకా పిలిచినా." ఏచన ఊపిరి తీసుకున్నాడు. రాతిపట్టీ కిరకిరలాడింది. "నేర్పింది నేనే. ఎవర్ని అనేది?"

తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది. గుండయకు చచ్చిపోవాలనిపించింది, కానీ దానికి తీరిక లేదు. పొద్దు కొండ అంచును తాకింది. వాకిలి గడప పది అంగల దూరం. అన్నను ఇక శాపం అంటదు గానీ, ఆ మాంత్రికుడి చేతికి వదిలి పోవడానికి గుండయకు మనసొప్పలేదు. అన్న చంకల కింద చేతులు వేసి వెనక్కి నడుస్తూ ఈడ్చాడు. రాతిపట్టీ బరువుకు నడుము విరుగుతోంది. తొమ్మిది, ఎనిమిది, ఏడు. పైన ధూమ్రజటుడు వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నాడు. మూడు. రెండు. గుండయ కుడికాలు గడప దాటింది. అన్నను ఒక్క ఊపులో తనను దాటించి బయటికి విసిరాడు. ఆ విసురుకు ఎడమకాలు లోపలే ఉండిపోయింది. పొద్దు గుంకింది.

చల్లగా మొదలైంది. కాలివేళ్ళు నేలకు అతుక్కుపోయాయి. మడమ, చీలమండ, పిక్క. లాగితే రాలేదు. గుండయ గడప మీద పడ్డాడు. కుడికాలూ ఒళ్ళూ బయట, ఎడమకాలు లోపల. రాయి నిదానంగా పైకి పాకుతోంది. మసకచీకట్లో దాని రంగు కనపడలేదు.

"ఏ పుట్టుకో చూద్దాం," అన్నాడు పైనుంచి ధూమ్రజటుడు ఆసక్తిగా ముందుకు వంగి.

ఏచన మోచేతుల మీద పాక్కుంటూ వచ్చాడు. తమ్ముడి సంచిలోంచి సుత్తి తీసుకుని, వెనకవైపుతో ఆ కాలి మీద మూడుసార్లు తట్టాడు. చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, చాలాసేపు విన్నాడు.

"నల్లరాయా అన్నా?" అని అడిగాడు గుండయ. "నీ మాదిరి తెల్లదా?"

ఏచన మొహం పక్కకు తిప్పుకుని, సంచిలో చెయ్యి పెట్టి ఉలి వెతికాడు. మూడువేళ్ళు లేని ఎడమచేత్తో దాన్ని తమ్ముడి మోకాలి కింద, రాయి ఆగి మాంసం మొదలయ్యే చోట ఆనించాడు.

"నరం దొరికింది. ఇప్పుడే ఈడ తెంచాల, ఇంకొంచెం పైకి పాకితే దొరకదు. దూది యాడ పెట్టినావు?"

"నడుములో ఉంది... వద్దన్నా, నేను వింటా. ఈసారి వింటా."

"పెట్టుకోరా చెవుల్లో," అన్నాడు ఏచన. "నాకు పొద్దున పెట్టేవాళ్ళు లేకపోయిరి."

సుత్తి పైకి లేచింది.